కల్లు మందు కాదు

"మందు తాగుతావా?" అని పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"నేదమ్మా" అంది కనక.

అందులో ఇసుమంత అబద్ధం లేదు. మందు అంటే సీసాలో ఉండేది, డుంబ్రిగుడలో షాపువాడు ఇనపజాలీ వెనక నుంచి అందించేది. మగవాళ్ళు కొంటారు, సంత రోజున రోడ్డు పక్కన పడిపోతారు. ఆడది దాన్ని ముట్టుకుంటే ఊరంతా చెప్పుకుని నవ్వుతుంది. కనక బుద్ధెరిగాక ఆ సీసా మూత తిప్పిన పాపాన పోలేదు. జీలుగు చెట్టు మీంచి దించుకునేది కల్లు. చోడిపిండి పులియబెట్టుకునేది లందా. అవి మందెలా అవుతాయి? ఆ మాటకొస్తే గంజినీ మందనొచ్చు.

డాక్టరమ్మ సంతోషించింది. "మంచిది. నీకు తీసింది కేన్సర్ గడ్డ కాదు, భయపడకు. కానీ అందులో కొన్ని కణాలు వరస తప్పి ఉన్నాయి. ఇలాంటి గడ్డ వచ్చినవాళ్ళకి ముందు ముందు కేన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. మందు తాగితే అది ఇంకా పెరుగుతుంది. నీకు ఆ అలవాటు లేదు కాబట్టి ఆ బాధ తప్పింది. చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుని వెళ్తూ ఉండు" అంది.

కనక తలూపింది. ఆ మాటలన్నిట్లో ఆమె మనసుకెక్కింది ఒక్కటే, కేన్సర్ కాదని. గడ్డ తీసిన రోజుల్లో పక్కమంచం మనిషికి ఒక పక్కంతా కట్టు ఉండేది. కట్టు కింద రొమ్ము లేదు. ఆ మనిషి పొద్దస్తమానం ఆ కట్టు మీద చెయ్యి వేసుకుని కప్పుకేసి చూస్తూ ఉండేది. అది చూసిన దగ్గర్నుంచి కనకకు కంటి మీద కునుకు లేదు. ఇవాళ ఆ భయం దిగిపోయింది. ఆసుపత్రి బయట రెండు అరటిపళ్ళు కొనుక్కుని తింది.

తిరుగు రైల్లో సుజానా సిస్టర్ ఎదురుగా కూర్చుంది. కనక ఊరు పనసగుడలో సబ్ సెంటర్ నర్సు ఆమె. పార్వతీపురం అవతల చర్చి కుటుంబం వాళ్ళది. కనక రొమ్ములో గడ్డ ఉందని తెలిసిన దగ్గర్నుంచి ఆమెను వెంటబెట్టుకుని తిప్పింది ఈవిడే. డాక్టరమ్మ మాట్లాడినప్పుడు మాత్రం మాత్రల కోసం వరసలో నిలబడి ఉంది. అందుకని రైలు కదిలాక ఏమేం చెప్పారో అడిగింది. కనక పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చింది.

"మందు తాగుతావా అని కూడా అడిగింది. నేదన్నాను."

సుజానా ముందు నవ్వింది. తరవాత నవ్వు ఆపేసింది. "నువ్వు కల్లు తాగుతావు కదప్పా."

"ఆయమ్మ కల్లు అడగనేదు కదా. మందు అడిగింది."

"కల్లు, లందా, ఇప్పసారా, షాపులో సీసా. పేర్లే వేరప్పా. కడుపులోకెళ్ళాక అన్నిటిదీ ఒకటే పని. ఆవిడ అడిగింది అన్నిటి గురించీనీ."

రైలు సొరంగంలో దూరింది. పెట్టెలో కుర్రాళ్ళు కేకలు పెట్టారు. మళ్ళీ వెలుగొచ్చేసరికి కనక ముఖంలో అరటిపళ్ళు తిన్నప్పటి కళ లేదు.

"మాయమ్మ నాకు పళ్ళు రాకముందే కల్లు పోసింది. ఊళ్ళో తాగని ఆడదెవులు? ఆలందరికీ కేన్సరొత్తాదేటి?"

"అందరికీ రాదు. నీకు వచ్చి తీరుతుందని కూడా నేను అనను. కానీ నీ గడ్డలో తేడా ఉందన్నారు కదా. గడ్డ రావడం నీ చేతిలో లేదు. తాగడం నీ చేతిలో ఉంది."

"ఎంత తగ్గించమంటావు?"

"ఎంత తగ్గిస్తే అంత మంచిది. మానేస్తే మరీ మంచిది."

కనకకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు. డాక్టరమ్మ సరిగ్గా అడిగి ఉండాల్సింది, ఈ సుజానా అసలు అడగకుండా ఉండాల్సింది. శివలింగాపురం దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చూసింది మాత్రం ఏమీ లేదు.

*

ఇంటి దగ్గర ఫల్గుణ ఆనపబుర్ర నిండా కల్లు దించి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. కేన్సర్ కాదని వినగానే అరుగు మీద చతికిలబడ్డాడు, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. ఆ మనిషి ఎంత బెంగపడ్డాడో కనకకు అప్పుడే తెలిసింది. అడ్డాకు దొప్పలో కల్లు వంచి ముందు ఆమెకే అందించాడు.

"తాగు. బతికి బయటపడ్డావు."

నురగ దొప్ప అంచు దాటి అతని వేళ్ళ మీంచి జారుతోంది. అప్పుడే దించిన జీలుగు కల్లు, తియ్యగా, ముక్కుకు చురుక్కుమనే వాసనతో. కనక నోట్లో నీళ్ళూరాయి. ఊరలేదని బుకాయించడం ఎందుకు, ఊరాయి. పొద్దున్నించి ప్రయాణం చేసిన ఒళ్ళు అది. చెయ్యి సగం దాకా చాచి వెనక్కి తీసుకుంది.

"వద్దన్నారు."

"ఎవులు?"

"డాక్టరమ్మ. సిస్టర్."

"కల్లు వద్దన్నారా?" ఫల్గుణ నమ్మలేదు. "కేన్సర్ కాదన్నారు కదే. కానప్పుడు కల్లెందుకు వద్దు?"

కనక తనకు తెలిసినంత చెప్పింది. ఫల్గుణ విన్నాడు, అర్థం చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. చివరికి దొప్ప తనే తాగేసి, "సరే గానీ, శుక్రవారం ఒత్తారంట, కబురొచ్చింది" అన్నాడు.

వచ్చేది పాచిపెంట వైపు కొండల మీంచి, జగదీష్ తల్లీ, వాళ్ళ పెద్దలూ. జగదీష్ అరకులో జీపు తోలుతాడు. కనక కూతురు భాను అరకులోనే కాఫీ పళ్ళు తూచే చోట పనిచేస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఇష్టపడ్డారు. ఇక పెద్దలు కుండ మాట కలపాలి. కుండ మాటలో తగవులుండవు, ఉపన్యాసాలుండవు. పిల్లాడి తల్లి తన ఇంటి నుంచి లందా కుండ తెస్తుంది, పిల్ల తల్లి తన ఇంట్లో కాచిన లందా పెడుతుంది. ఒకరి దొప్ప ఒకరు అందుకుని తాగుతారు. తాగితే సంబంధం కుదిరినట్టు. తాగకుండా దొప్ప కింద పెడితే పిల్లను ఇవ్వబోమని చెప్పినట్టు. ఇక నోటితో కాదనక్కర్లేదు, వచ్చినవాళ్ళు తమ కుండ తాము ఎత్తుకుని మారు మాట్లాడకుండా వెళ్ళిపోతారు.

కనకకు ఇదంతా తెలుసు. ఆమెను అడగడానికి వచ్చినప్పుడు ఆమె తల్లి గుటకలో దొప్ప ఖాళీ చేసి ఇంకోటి అడిగిందని ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటారు.

"మరైతే నానేటి సెయ్యాలి?" అంది.

"శుక్రవారానికి ఇంకా టైముంది" అన్నాడు ఫల్గుణ. తరవాత గొంతు తగ్గించి, "గడ్డ మాట మాత్రం ఎవులికీ సెప్పకు. నడుం నొప్పికి ఎల్లినావని సెప్పి ఉంచినాను. తల్లికి రొమ్ములో జబ్బంటే మన భాను గుంటకీ ఉంటాదంటారు" అన్నాడు.

కనక సరేనంది. భాను ఒంటి మీద ఓ కన్నేసి ఉంచమని సుజానా కూడా చెప్పింది మరి.

*

మర్నాడు కాఫీ తోటలోకి వెళ్ళింది. కోత మంచి జోరు మీద ఉంది. సిల్వర్ ఓక్ నీడలో కొమ్మ వంచి పట్టుకుని, పచ్చివి వదిలేసి ఎర్రటి పళ్ళు మాత్రం మెలితిప్పి కోసి నడుముకు కట్టిన బుట్టలో వెయ్యాలి. లాగితే రెమ్మ ఊడి వస్తుంది, వచ్చే ఏడు ఆ చోట కాపుండదు. ఎడమ చెయ్యి పైకెత్తినప్పుడల్లా కుట్ల చోట చర్మం లాగేది. అందుకని కొమ్మను కుడిచేత్తో వంచి ఎడమచేత్తో కోయడం మొదలెట్టింది. అలవాటు లేని చెయ్యి, పచ్చికాయలు కూడా వచ్చేసేవి. విసుగొచ్చి మళ్ళీ చెయ్యి మార్చుకునేది.

మనసు ఎక్కడా నిలవలేదు. శుక్రవారం జ్వరం వచ్చినట్టు పడుకుంటే? పిల్ల తల్లి లేకుండా కుండ మాట లేదు. దొప్ప నోటి దగ్గర పెట్టుకుని ఒలకబోస్తే? దొప్ప ఇచ్చేది ఎదురుగా కూర్చునే ఆడమనిషి, అది ఖాళీ అయ్యేదాకా కళ్ళు తిప్పదు. అయినా ఒక్క దొప్పే కదా. ఒక్క దొప్పకు కేన్సర్ వస్తుందని ఎవరూ అనలేదు.

పొద్దు వాలే వేళకు ఆడవాళ్ళందరూ బుట్టలు దించి గట్టు మీద చేరారు. ఎవరిదో బుర్ర చేతులు మారుతోంది. నవ్వులు, ఒకళ్ళ మొగుళ్ళ మీద ఇంకొకళ్ళ హాస్యాలు. కనక చేతిలోకీ దొప్ప వచ్చింది. ఒక్కటే కదా అనుకుంది, తాగింది. రోజంతా బిగదీసుకుని ఉన్న మెడ నరాలు వదులయ్యాయి. రెండోది ఎవరు పోశారో చూడలేదు. మూడోది ఆమే వంపుకుంది. ఫల్గుణ మీద ఒక హాస్యం కూడా వేసింది, అందరూ పడీపడీ నవ్వారు.

చీకటి పడుతుండగా ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుంటుంటే చెయ్యి దానంతటదే కుట్ల మీదికి వెళ్ళింది. తాగినంతసేపూ ఆసుపత్రి గుర్తుకే రాలేదు. పక్కమంచం మనిషి గుర్తు రాలేదు. అదే ఆమెను భయపెట్టింది. ఒక్క దొప్ప తాగడం తనకు చేతకాదని ఆ నీళ్ళ తొట్టి దగ్గర కనకకు బాగా అర్థమైంది. తనకు కల్లంటే ఇష్టం. ఇష్టమైనదాన్ని ఒక్కసారికని ఇంట్లోకి రానిస్తే అది పీట వేసుకుని కూర్చుంటుంది.

ఆ తరవాత పొద్దు వాలకముందే బుట్ట దించేసి ఇంటికి వచ్చేయడం మొదలుపెట్టింది. గట్టు మీద కూర్చోలేదు. ఏమిటని అడిగితే పనుందంది. కుట్లు చూడ్డానికి సుజానా రెండు సార్లు సంచితో ఇంటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి చూసి వెళ్ళింది. ఇక చాలదూ? పనసగుడలో ఆడది కల్లు మానేసి, చర్చి మనిషితో తలుపు వేసుకుని మాట్లాడితే దానికి అర్థం ఒకటే, చర్చిలో కలిసిందని.

అందుకే బుధు వచ్చాడు. ఫల్గుణకు పెదనాన్న వరస. ఊళ్ళో పెద్దమనిషి, శుక్రవారం పిల్ల తరఫున కూర్చోవాల్సింది ఆయనే. అరుగు మీద కూర్చుని కర్రను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏటి కోడలా, బాట మార్సినావట" అన్నాడు.

"నేదు మావా."

"మారితే మారు. ఎవులి నమ్మకం ఆలది. సిస్టరమ్మ మంచి మనిషే, నాను కాదనను. కానీ శుక్రవారం దాటనీ. పిల్ల తల్లి సెర్చీలో కలిసిందంటే పాచిపెంటోలు మన జాకర దేవత పండక్కి కూడా ఈ గుమ్మం తొక్కరు."

"కలవనేదని సెప్తన్నాను కదా."

"మరి కల్లెందుకు మానీసినావు?"

కనక చేట పట్టుకుని చోళ్ళు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. "నువ్వూ మానీసినావు కదా మావా, నిరుటి నుంచి. నిన్నెవులూ అడగనేదే, ఏ సెర్చీలో కలిసినావని."

బుధుకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. "నాకు కాళ్ళు పొంగినాయి కదే. ఊరంతా సూసినారు. మంచం మీద మోసుకెల్లినారు. నీకేటి పొంగింది?"

చేటలో చోళ్ళు ఒక మూలకు జారిపోయాయి. కనక వాటిని మళ్ళీ పరిచింది. ఏం చూపించమంటాడు ఈ ముసలాయన? రవిక విప్పి చూపించాలా? ఆయన కాళ్ళు చూసి పాపం అన్న ఊరే, తన కుట్లు చూస్తే ముందు కూతురికి వంక పెడుతుంది. ఒళ్ళు మండిపోయింది కనకకు. "ఏటీ నేదు మావా, నడుం నొప్పి" అంది. బుధు తలూపి, కర్ర ఊతంతో లేచి, "ఆ రోజుకి తగ్గించుకో మరి" అని వెళ్ళిపోయాడు.

*

లందా కుండ మూత తీసే రోజు వచ్చింది. పట్నం వెళ్ళకముందే కనక చోళ్ళు నానేసి, మొలకలు కట్టి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి పెట్టుకుంది. వచ్చిన మర్నాడు ఆ పిండిలో సగం ముద్దలు చేసి ఆవిరి మీద ఉడికించి, చల్లారాక చిదిపి, మిగతా పిండి కలిపి, కుండలో నీళ్ళు పోసి ఆకులు కప్పి మూత కట్టింది. పొయ్యికి దూరంగా, గోడకు దగ్గరగా, వెచ్చగా ఉండే మూల దానిది. ఊళ్ళో ఎవరింట్లో కుండ మాట ఉన్నా కనకనే పిలిచి కాయించుకుంటారు. కాయడంలో కష్టమేమీ లేదు, కష్టమంతా నాలుకది. ఇంకా తీపి ఉందా, పులుపు తిరిగిందా, ఇవాళ వడకట్టాలా, ఇంకో పూట ఆగాలా, అన్నీ ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చెప్పేది.

ఇప్పుడు ఆ చుక్క వేసుకోవడానికి భయం. మూత కట్టు విప్పి, ఆకులు తొలగించి, కుండ మీదికి వంగి వాసన చూసింది. చెవి ఆనించి విన్నది. లోపల సన్నగా చిటపటలాడుతోంది. సరిపోయినట్టే ఉంది, కానీ నమ్మకం చిక్కలేదు. రేపు పదిమంది తాగేది, చెడిపోతే పరువు పోతుంది.

"భానూ, ఇలా రాయే" అని పిలిచింది. "రుసి సూసి సెప్పు."

భాను జడ అల్లుకుంటూ వచ్చింది. తల్లి అందించిన దొప్ప అందుకుంది, నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. ఇంట్లో గడ్డ సంగతి తెలిసిన మూడో మనిషి ఆ పిల్ల.

"నువ్వు తాగవు. నాకు పోస్తున్నావా అమ్మా?" అంది.

ఎత్తిపొడుపేమీ కాదు, మామూలుగానే అంది. కనకకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఈ పిల్లకు కూడా పళ్ళు రాకముందే పోసింది తనే. ముద్దుగా మూతి విరుస్తుంటే నవ్వుతూ ఇంకా పోసింది. దొప్ప ఆమె చేతిలోంచి తీసుకుని కుండలో వంపేసింది.

"వద్దునే. ఎల్లి జడేసుకో."

భాను వెళ్ళలేదు. తల్లి పక్కన గొంతుక్కూర్చుంది. "రేపు తాగవా అయితే?"

"నీకు ఆ గుంటడు కావాలా?"

"కావాలి." భాను సిగ్గుపడకుండా చెప్పింది. "కానీ నువ్వు నాకోసం తాగావని నేను జీవితమంతా అనుకోవాలా?"

ఇంతలో ఫల్గుణ వచ్చాడు. ఆ చివరి మాట విన్నాడు. అతనూ నాలుగు రోజుల నుంచి నలిగిపోతున్నాడు, అది కాస్తా బయటపడింది. "ఒక్క దొప్ప. ఒకే ఒక్కటి. కళ్ళు మూసుకుని తాగీ. ఎల్లుండి నుంచి నువ్వు ముట్టనంటే నానే ఊరందరికీ అడ్డం నిలబడతాను."

"ఎల్లుండితో అయిపోద్దేటి? పెళ్ళి మాటకి కుండ, పెళ్ళికి కుండ, గుంట పుట్టింటికొత్తే కుండ. ఒక్కదానికి తాగి రెండోదానికి తాగనంటే ఊరుకుంటారా? నాకు ఒక్క దొప్ప తాగడం రాదు. మొన్న తోటలో మూడు తాగినాను."

ఫల్గుణకు ఆ సంగతి తెలియదు. "మరైతే పెట్టీ దొప్ప కింద. గుంట ఉసురు పోసుకో" అని బయటికి వెళ్ళిపోయాడు. అలా అన్నందుకు గుమ్మం దాటకముందే సిగ్గుపడ్డాడు. అది అతని భుజాల్లో తెలుస్తూనే ఉంది. వెనక్కి తిరిగి రావడానికి మాత్రం మనసొప్పలేదు.

కనక కుండకు ఆకులు కప్పి మూత కట్టింది. ముడి ఒకటికి రెండు సార్లు ఊడిపోయింది.

*

శుక్రవారం మంచు తెరిపివ్వగానే వాళ్ళు వచ్చారు. జగదీష్ జీపు రోడ్డు మీద ఆపేసి, తను మాత్రం దిగకుండా అందులోనే ఉండిపోయాడు. కుండ మాట దగ్గర పిల్లాడు ఉండకూడదు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒక మేనమామ, నలుగురు ఆడవాళ్ళు నడిచి వచ్చారు. ముందు సోములమ్మ, జగదీష్ తల్లి. మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్ని కొండపోడు చేసి పెంచిన మనిషి. మూడు ముక్కుపుడకలు, ఎముక పుష్టి ఉన్న ఒళ్ళు, తక్కువ మాట. ఆమె నవ్వితే అదృష్టమని జగదీష్ ముందే చెప్పి ఉంచాడట భానుకు. ఆ రోజు అసలు నవ్వలేదు.

వాకిట్లో తాటాకు చాపలు పరిచారు. బుధు మధ్యలో కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు అలిసిపోయారని మామూలు కల్లు తిప్పారు ముందు. సోములమ్మ ఒక దొప్ప తాగింది, వెంటనే ఇంకోటి అడిగి తాగింది. కనక దొప్పలు అందిస్తూ, తనకు అక్కర్లేదన్నట్టు అటూ ఇటూ తిరుగుతూ గడిపింది. వచ్చిన ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అంటే కబురు అక్కడిదాకా చేరిందన్నమాట.

"ఇక కానివ్వండి" అన్నాడు బుధు.

సోములమ్మ తన కుండలోంచి లందా దొప్పలోకి వంచి, రెండు చేతులతో పట్టుకుని చాచింది. కనక అందుకుంది. గోధుమరంగు చిక్కటి లందా, పైన తెల్లటి పొర. బాగా కాచిన చెయ్యి, వాసనకే తెలిసిపోయింది. గుమ్మం పక్కన భాను నిలబడి ఉంది. ఫల్గుణ నేలకేసి చూస్తున్నాడు.

ఇంత చిన్న దొప్ప. తాగేస్తే అందరూ లేచి నవ్వుతారు, డప్పు తెస్తారు. తాగకుండా పెట్టేస్తే ఎవరూ ఏమీ అనరు, కుండ ఎత్తుకుని వెళ్ళిపోతారు. లందా కొద్దిగా ఒలికి కనక చీర మీద పడింది. కింద పెట్టలేదు. నోటి దగ్గరికీ తీసుకెళ్ళలేదు.

"నాను సెర్చీలో కలవనేదు" అంది. "గుంటని ఇవ్వనని కాదు. మీ గుంటడంటే మాకు ఇష్టం. నాకు రొమ్ములో గడ్డొచ్చింది. పట్నంలో కోసి తీసినారు. నడుం నొప్పని మీకు అబద్ధం సెప్పినాం. కేన్సర్ కాదన్నారు, కానీ ముందు ముందు అవ్వొచ్చన్నారు. తాగితే మరీ భయమన్నారు. కల్లు, లందా, ఏదైనా. అందుకని తాగను. ఇయాల తాగను, పెళ్ళిలో తాగను. నా సేతిలో ఉన్నది ఇదొక్కటే."

బుధు కర్ర మీద చెయ్యి బిగించాడు. ఆడదాని నోట, పదిమంది మగవాళ్ళ ముందు, ఆ అవయవం పేరు. వచ్చినవాళ్ళలో మేనమామ దగ్గాడు. "తల్లికుంటే గుంటకీ ఉంటాది కదేటి" అని పక్కాయనతో గొణిగాడు. గొణిగింది అందరికీ వినబడింది. భాను గుమ్మంలోంచి కదల్లేదు, తల మాత్రం వంచేసింది.

సోములమ్మ కనక చేతిలో దొప్ప తీసుకుంది. తాగలేదు, కింద పెట్టలేదు, తిరిగి తన కుండలో వంపింది. తరవాత ఒక్క మాటైనా అనకుండా లేచి, ఇంటి పక్క నుంచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆమెతో వచ్చినవాళ్ళు బిత్తరపోయారు. కుండ ఎత్తుకోవాలో కూర్చోవాలో వాళ్ళకు తెలియలేదు. "అయిపోనాది" అన్నాడు ఫల్గుణ, ఎవరితోనో కాదు.

కనక ఆమె వెనకే పరుగెత్తింది. బతిమాలడానికి మాటలు కూడగట్టుకుంటూ వెళ్ళింది. పెరట్లో కాఫీ పళ్ళ తొక్కు కుప్ప పోసి ఉంది, పుల్లటి వాసన వేస్తోంది. దాని అవతల గోడకు ఆనుకుని సోములమ్మ నిలబడి ఉంది.

"మా గుంటకేటీ నేదమ్మా. కావలిత్తే పట్నం తీసుకెల్లి సూపిత్తాను. మీరూ రండి, మీ కళ్ళతో..."

సోములమ్మ ఆ మాటలు వినడం లేదు. వాకిలి వైపు ఒకసారి చూసి, గోడ చాటుకు ఇంకొంచెం జరిగింది.

"ఏ పక్క వొదినా?" అంది.

అప్పటిదాకా ఆమె కనకను ఏ వరసా పెట్టి పిలవలేదు. కనకకు ముందు ఆ వొదిన అనే మాటే అర్థమైంది, ప్రశ్న తరవాత అర్థమైంది.

"ఎడం పక్క."

"కోత్తే నొప్పెట్టిందా?"

"మత్తిచ్చినారు. తెలీనేదు."

"ముట్టుకుంటే కదిలీదా నీది?"

"కదిలీది. గోళీలాగ జారిపోయేది."

సోములమ్మ కనక చెయ్యి పట్టుకుంది. గరుకు చెయ్యి, ఉడుకుడుకుగా ఉంది. ఆ చేతిని తన పైట కిందికి, కుడి రొమ్ము కిందికి తీసుకెళ్ళి నొక్కి పెట్టింది. "ఇది కదలదు" అంది.

కనక వేళ్ళకు తగిలింది. గట్టిగా, రాయిలా, పక్కటెముకకు అతుక్కుపోయినట్టు. కనక మెల్లిగా అటు తోసింది, ఇటు తోసింది. కదల్లేదు. తన గడ్డ గురించి ఇన్ని రోజులు పడ్డ భయమంతా ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"ఎప్పుటి నుంచి?"

"సోళ్ళు ఊడ్సినప్పుటి నుంచి. ఎవులికీ సెప్పనేదు. ఆడికి కూడా." జీపు ఉన్న వైపు గడ్డం ఎత్తి చూపించింది. "తల్లికి జబ్బంటే మీరు గుంటనివ్వరని. ఈ కుండ మాట కానిచ్చీసి అప్పుడు సూద్దామనుకున్నాను." ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి గానీ నీళ్ళు రాలేదు. "ఇందాక దైర్నం కోసం రెండు దొప్పలు తాగీసినాను వొదినా. ఏటైపోద్ది?"

ఆ ప్రశ్నకు కనకకు పట్టరాని జాలేసింది, తన మీదా ఆమె మీదా కలిపి. ఏం చెప్పాలో ఆమెకు డాక్టరమ్మ నేర్పలేదు, సుజానా నేర్పలేదు.

"ఆ రెంటికీ ఏటీ అవదు. మూడోది తాగకు. రేపు తొలి బస్సుకి నానూ ఒత్తాను, పట్నం ఎల్దాం."

"రేపేనా?"

"రేపే. పెళ్ళి తరవాత కాదు."

సోములమ్మ తలూపింది. ఇంతలో వాకిట్లోంచి ఫల్గుణ కేకేశాడు. ఏటి సేత్తన్నారక్కడ, బేగి రండి, మాట ఏటైనాదో సెప్పండి అని. ఆ గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ.

"కుదిరింది" అని కేకేసి చెప్పింది కనక. ఆమె చెయ్యి ఇంకా ఆ గడ్డ మీదే ఉంది.